పగలు బడి, సాయంత్రం ఊరి హాలు, ఉప్పెనొస్తే షెల్టర్: దివిసీమ తీరంలో ఒక డిజైన్ డైరీ

దివిసీమ కొసన, సముద్రానికి కిలోమీటరున్నర లోపల ఉన్న ఊరు ఇది. ప్రాథమిక పాఠశాల, కమ్యూనిటీ హాలు, తుపాను షెల్టర్ మూడూ ఒకే కట్టడంలో రావాలి. ఊరివాళ్లతో కూర్చుని ప్లాను తేల్చుకున్న పద్దెనిమిది వారాల నోట్సు ఇక్కడ పెడుతున్నాం. కొలతలు, లెక్కలు, మార్చుకున్న నిర్ణయాలు ఉన్నవి ఉన్నట్టే రాశాం. ఊరి పేరు, మనుషుల పేర్లు మాత్రం రాయడం లేదు. బడిలో 84 మంది పిల్లలున్నారు. విద్యాహక్కు చట్టం లెక్కన 61 నుంచి 90 మంది దాకా ముగ్గురు టీచర్లు, టీచరుకొక గది. మేం నాలుగు గదులు పెట్టుకుని మొదలుపెట్టాం.

1, 2 వారాలు: పాత షెల్టర్

కొత్తది గీసే ముందు పాతదాన్ని కొలిచాం. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత ఈ తీరం పొడుగునా షెల్టర్లు లేచాయి. ఈ ఊళ్లోది గుండ్రటి కట్టడం, కింద స్తంభాలు, పైన ఒకే గది. ఇప్పుడు స్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. ఊడినచోట టేపు పెట్టి చూస్తే చువ్వ మీద కాంక్రీటు మందం 12 నుంచి 15 మిల్లీమీటర్లు. ఉప్పుగాలి తగిలే చోట ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) అడిగేది 45, సముద్రపు తుంపర నేరుగా పడే చోట 50. లోపల చేరిన తేమకూ ఉప్పుకూ ఆ చువ్వ తుప్పు పట్టి ఉబ్బింది, ఉబ్బి తన మీది కాంక్రీటును తానే తన్నేసింది.

సగం కథ అంతే. మిగతా సగం పైకప్పు మీద దొరికింది. వాననీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర రావి మొక్క మొలిచి, వేళ్లు గొట్టంలోకి దిగాయి. నీళ్లు నిలిచి స్లాబులోకి ఇంకాయి. రెండు నిమిషాల్లో పీకేయగల మొక్క అది. పైకి వెళ్లే మనిషి లేక మానయ్యేదాకా పెరిగింది. గదికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందని అయిదుగురిని అడిగితే అయిదు పేర్లు చెప్పారు. అందులో ఒకాయన చనిపోయి చాలా ఏళ్లయింది. కింద స్తంభాల మధ్య మాత్రం జీవం ఉంది: వరిగడ్డి, చిరిగిన వలలు, కట్టేసిన రెండు గేదెలు, పేకాట.

డిజైనులో మొదటి ప్రశ్న అక్కడే తేలింది. ఏ గది ఏ రోజున, ఏ గంటకు, ఎవరు తెరుస్తారు? ప్రతి డ్రాయింగు పక్కనా ఒక గంటల పట్టిక కూడా గీయాలని పెట్టుకున్నాం. ఏడాదిలో వంద రోజులు కూడా తెరవని గది ఏదైనా తేలితే దాన్ని కట్టం.

3వ వారం: స్థలం

మూడు స్థలాలు పరిశీలనకు వచ్చాయి. ఒకటి గుడి పక్క గ్రామకంఠం, రెండోది ఇప్పటి బడి ఆవరణ, మూడోది ఊరికీ ఎస్సీ కాలనీకీ మత్స్యకారుల పల్లెకూ మధ్యనున్న పోరంబోకు. పంచాయతీలో పెద్దల మాట గుడి పక్క స్థలం వైపు మొగ్గింది. కాలనీవాళ్లను వాళ్ల వీధిలోనే విడిగా కూర్చోబెట్టి అడిగితే జవాబు వేరు. "బడికి పిల్లల్ని పంపుతాం బాబూ. పెళ్లికి మాత్రం ఆ చోటు మాకిస్తారంటే నమ్మం" అన్నారు. ఈ మాట గ్రామసభలో ఎవరూ అనరు. అందుకే గ్రామసభ ఒక్కటే చాలదు, వీధివారీ కూర్చోవాలి. వేళ కూడా వాళ్లది కావాలి. వేటకు తెల్లవారకముందే వెళ్లేవాళ్లను పొద్దున పదింటికి పిలిస్తే సగం ఊరు లేనట్టే. రొయ్యల చెరువుల్లో కూలికెళ్లే ఆడవాళ్లకు రాత్రి ఏడు దాటాక గానీ తీరదు.

తర్వాత నడిచి చూశాం. మూడు పల్లెల చివరి ఇంటి నుంచి మూడు స్థలాలకూ, చంకలో పిల్లాడున్న అమ్మమ్మ నడకతో, వాన పడుతున్న సాయంత్రం, గడియారం పట్టుకుని. మధ్య పోరంబోకుకు ఎక్కువలో ఎక్కువ 17 నిమిషాలు. గుడి స్థలానికి పల్లె నుంచి 29. పైగా దారిలో ఉప్పుటేరు మీది కల్వర్టు తూము మూసుకుపోయి, మామూలు వానకే మోకాలి లోతు. ఈ కొలతలు గోడకు అంటించాక వాదన తగ్గింది. కల్వర్టు బాగు కూడా ఈ ప్రాజెక్టు అంచనాలోకే చేర్చాం. దారి మునిగితే షెల్టర్ ఎంత గట్టిదైనా ఒకటే.

తీర నియంత్రణ జోన్ (నీటి గట్టు నుంచి ఇంత దూరంలో కట్టకూడదనే నియమం) విషయం ఒక్క ముక్క: సముద్రపు గీత కన్నా ఉప్పుటేరు గీతతోనే ఇక్కడ చిక్కు. ఆటుపోటు తగిలే ఏరు గట్టు నుంచి కూడా దూరం కొలుస్తారు. స్థానికుల కోసం బడి లాంటి వాటికి మినహాయింపు అడగొచ్చు గానీ, ముందే మ్యాపు వేయించుకోకపోతే ఫైలు చివర్లో ఆగుతుంది.

4వ వారం: చింతపిక్కలు

నేల మీద ముగ్గుపిండితో పన్నెండు గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో వస్తువు: బెంచీ ముక్క, చీపురు, గరిటె, తాళం, పుస్తకం, ట్యూబులైటు, చెంబు, ఇంకా అలాంటివి. మనిషికి పది చింతపిక్కలు. మగవాళ్లు, డ్వాక్రా ఆడవాళ్లు, పిల్లలు వేర్వేరు రోజుల్లో.

మగవాళ్ల పిక్కలు ఎక్కువగా పడింది పెళ్లి మండపం గడిలో. ఆడవాళ్లవి చెంబు గడిలో, అంటే మరుగుదొడ్డి, నీళ్లు. పిల్లలవి ఫ్యానుకూ ఆటస్థలానికీ. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. తాళం గడిలో ఆడవాళ్లు పిక్కలు గుట్టగా పోయడం మాత్రం మేం అనుకోలేదు. కారణం అడిగితే వరసగా చెప్పారు. మధ్యాహ్న భోజనం బియ్యం ఉన్న గది మీద పెళ్లివాళ్ల కన్ను పడకూడదు. ఆడపిల్లల మరుగుదొడ్డి రాత్రి ఫంక్షను వాళ్లకు ఇవ్వకూడదు, ఇస్తే సోమవారం పొద్దున కడిగేది వంట ఆయమ్మే. తుపాను రాత్రి మాత్రం అన్నీ తెరుచుకోవాలి, అదీ కరెంటు లేకుండా, తాళంచెవి కోసం ఎవరింటికీ పరుగెత్తకుండా. మొత్తం ప్రాజెక్టులో ఇంతకన్నా సూటైన డిజైన్ బ్రీఫ్ మాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

6వ వారం: ఎంతమంది, ఎంత జాగా

ఊళ్లో రెండంతస్తుల గట్టి డాబాలున్న ఇళ్లవాళ్లు పైఅంతస్తుకు చేరితే చాలు. వాళ్లను తీసేసి ఇంటింటి జాబితా చేస్తే షెల్టరుకు రావలసినవాళ్లు 540 మంది తేలారు. మనిషికి 0.75 చదరపు మీటరు పెట్టుకున్నాం: కూర్చోవడానికి, ఒరగడానికి సరిపోతుంది, కాళ్లు చాపి పడుకోవడానికి చాలదు. ఒకటి రెండు రాత్రుల లెక్క అది. మొత్తం 405 చదరపు మీటర్లు కావాలి.

మొదటి డ్రాయింగు ఎల్ ఆకారం. ఒక రెక్క బడి, ఒక రెక్క హాలు, మధ్యలో వాకిలి. అందరికీ నచ్చింది, స్ట్రక్చరల్ ఇంజనీరుకు తప్ప. ఆయన అభ్యంతరం న్యాయమే. లోపలి మూలలో గాలి చిక్కుకుని ఒత్తిడి పెరుగుతుంది. ఉప్పెన నీళ్లతో కొట్టుకొచ్చే సరుగుడు దుంగలు, పడవలు అదే మూలలో ఇరుక్కుని స్తంభాలను మోదుతాయి. గీసింది చింపేశాం.

రెండోది పొడుగాటి తిన్నటి దిమ్మె. 3.6 మీటర్ల బేలు (స్తంభాల వరసల మధ్య అరలు) పన్నెండు, పొడవు 43.2 మీటర్లు. 45 దాటితే ఎక్స్‌పాన్షన్ జాయింటు (వేడికి కట్టడం సాగడానికి వదిలే సందు) ఇవ్వాలని ఐఎస్ 456 అంటుంది. ఉప్పు తీరంలో జాయింటు అంటే తుప్పు దూరే సందు, అందుకే ఆ లోపే ఆగాం. లోతు 8.4 మీటర్లు: గది 6, ఉత్తరాన వరండా 2.4. నాలుగు తరగతి గదులు ఒక్కోటి 7.2 × 6, కలిపి 172.8 చదరపు మీటర్లు. చివరి నాలుగు బేలూ హాలు, వరండా లోతు కూడా కలుపుకుని 14.4 × 8.4, అంటే 121. వరండాను షెల్టర్ లెక్కలో వేయం. అది గాలికి ఓపెన్, మనుషులు నడిచే దారి. మొత్తం 294, మనిషి లెక్కన 392 మందికి. ఇంకా 148 మంది బయటే.

"కింద స్తంభాల మధ్య కూర్చుంటారులెండి" అన్నాడొకాయన. పక్కనే ఉన్న ముసలావిడ తల కూడా ఎత్తకుండా, "కింద కూర్చున్నోళ్లే పోయారయ్యా" అంది. ఆ తర్వాత కింది జాగాను ఎవరూ లెక్కలోకి తేలేదు.

హాలు పైన ఇంకో అంతస్తు, అదే కొలత, వేశాం. 294కు 121 కలిస్తే 415. సరిపోయింది. మామూలు రోజుల్లో అక్కడ లైబ్రరీ, కుట్టు శిక్షణ, కంప్యూటర్లు. తుపానులో బాలింతలు, గర్భిణులు, పసిపిల్లలు. ఒక కొసనే అంతస్తు లేస్తే బరువు ఒకవైపు లాగుతుంది, భూకంపం వస్తే కట్టడం మెలితిరుగుతుంది. హాలును నడిమికి తెమ్మని ఇంజనీరు అడిగారు. తెస్తే బడి రెండు ముక్కలవుతుంది, పెళ్లి జనం తరగతుల మధ్య నుంచి నడవాలి. హాలు కొసనే ఉంచి, కింది అంతస్తులో రెండు కొసలా 200 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ గోడలు, తూర్పు నుంచి వచ్చే నీటికి సమాంతరంగా నిలబెట్టి, స్తంభాలను 450 నుంచి 500కు పెంచి సర్దాం. స్తంభాలు గుండ్రం: నీళ్లు జారిపోతాయి, గేదె రాసుకున్నా అంచు విరగదు.

7వ వారం: సున్నం గీతలు

కాగితం మీద 7.2 × 6 ఎవరికీ అర్థం కాదు. అందుకని పోరంబోకులో అసలు కొలతలతోనే ప్లాను మొత్తం సున్నంతో గీశాం. రెండు బస్తాల సున్నం, 50 మీటర్ల టేపు ఒకటి, మేకులు, పురికొస. మూలమట్టానికి 3-4-5 తాడు (ఆ కొలతల త్రిభుజంలో ఒక మూల సరిగ్గా లంబం). పూట పని.

పిల్లలు బెంచీలు మోసుకొచ్చి గదుల్లో వేశారు. మేష్టారు బోర్డు ఉండే చోట నిలబడి వెనక బెంచీ దాకా చదివించారు. అప్పుడు తెలిసింది, బోర్డు పడమటి గోడకు పెడితే పొద్దున వెలుగు సూటిగా దాని మీద పడి మెరుస్తుంది. తూర్పు గోడకు మార్చాం. హాలు గీతల్లో పీటలు వేసి పెళ్లి నడిపించారు ఆడవాళ్లు: పందిరి ఇక్కడ, బ్యాండు అక్కడ, వడ్డన ఇటు. పావుగంటలో ప్లానులో పెద్ద తప్పు బయటపెట్టారు. హాలు పైన, వంట కింద. అన్నం గుండిగలు 3.6 మీటర్లు ఎక్కించేదెవరు?

దీంతో హాలు పని రెండుగా విడిపోయింది. పెళ్లి, సంతర్పణ, గ్రామసభ కింద స్తంభాల నీడలో. సమావేశాలు, శిక్షణలు, ఆరోగ్య శిబిరం, బడి అసెంబ్లీ పైహాల్లో. కింద నేల నాపరాయి, కడిగితే పోయేలా ఒకవైపు 1:100 వాలు. ఎన్నికలొస్తే పోలింగు బూత్ కింది అంతస్తులోనే అడుగుతారు, దానికీ ఇదే చోటు. గాడిపొయ్యి మాత్రం కట్టడానికి 12 మీటర్ల దూరంలో, దక్షిణాన రేకుల షెడ్డులో. ఆ రేకులు తుపాను హెచ్చరిక రాగానే విప్పి పడుకోబెట్టేలా జే-హుక్కులు కాకుండా నట్టు బోల్టులతో. బడి వంటగది వేరు, గ్యాసు పొయ్యి, తాళం వేరు.

9వ వారం: ర్యాంపు, ఈశాన్యం

అంతస్తు ఎత్తు ఎలా తేలిందంటే, 1977 నీటి మట్టం ముగ్గురు పెద్దవాళ్లు మూడు చోట్ల చూపించారు. లెవెల్ మిషన్ పెట్టి కొలిస్తే మూడింటికీ 40 సెంటీమీటర్ల లోపే తేడా. అందులో పెద్దది తీసుకున్నాం: స్థలం నేల మీద 2.6 మీటర్లు. దాని మీద అలకు అర మీటరు, దూలం లోతు 0.5. మొదటి అంతస్తు 3.6 మీటర్ల మీద.

ర్యాంపు వాలు 1:12. 3.6కు 43.2 మీటర్ల ర్యాంపు, బిల్డింగు పొడవంత. ప్రతి 9 మీటర్లకూ ఒక ల్యాండింగ్ 1.5 మీటర్లు. కలిపితే 49 దాటుతుంది. ఖర్చు చూసి, "మెట్లు చాలవా?" అన్నారు కమిటీలో. చక్రాల కుర్చీలో బడికొచ్చే పిల్ల ఒకతె ఉంది. అయినా వాదన ఆ పిల్ల దగ్గర తేలలేదు, మంచం దగ్గర తేలింది. నడవలేని పెద్దవాళ్లను నులకమంచంతో మోసుకు రావాలంటే మెట్ల మలుపులో మంచం తిరగదు. సున్నం గీతల మీద నలుగురితో మంచం మోయించి చూశాం. 1.2 వెడల్పులో మలుపు దగ్గర ఇరుక్కుంది, 1.5లో తిరిగింది.

పొడవు తగ్గించే దారి ఊరివాళ్లే చూపించారు. పశువుల కోసం మెరక దిబ్బ అడుగుతున్నారు ఎప్పటినుంచో. స్థలం మొత్తం 0.6 మీటరు మెరక వేస్తే ర్యాంపు ఎక్కాల్సింది 3 మీటర్లే: 9 మీటర్ల వాలులు నాలుగు, ల్యాండింగులు మూడు, మొత్తం 40.5. రెండు మడతలుగా వేస్తే 21 మీటర్ల జాగా.

ఆ మడత వచ్చి ఈశాన్య మూలలో కూర్చుంది. ఈశాన్యంలో బరువేంటని ఊరు ఊరంతా లేచింది. ఇలాంటిచోట వాస్తు ఉందా లేదా అని వాదించుకుంటే వారాలు పోతాయి. నైరుతికి తిప్పి చూశాం. నడిచే దూరం 6 మీటర్లు పెరిగింది, కానీ ర్యాంపు మొదలు గేటుకు ఎదురుగా వచ్చింది, సముద్రపు గాలికి చాటు కూడా అయింది. నిజం చెప్పాలంటే మొదటి ప్లాను కన్నా ఇదే మేలు. ర్యాంపు, వెనక మెట్లు, మరుగుదొడ్ల బ్లాకు మూడూ అసలు కట్టడానికి 50 మిల్లీమీటర్ల సందుతో విడిగా నిలబడతాయి.

10వ వారం

మరుగుదొడ్లు. 40 మందికి ఒక దొడ్డి, మూడు మూత్రశాలలు బడి లెక్క. షెల్టర్ రాత్రి 540 మంది. పైఅంతస్తులో ఆడవాళ్లకు నాలుగు, మగవాళ్లకు నాలుగు పెట్టాం. కింద ఫంక్షన్లకు రెండు, విడి గేటు వైపు. సెప్టిక్ ట్యాంకు మూత మెరక మీద ఇంకో 30 సెంటీమీటర్లు, పైపుకు నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది). ఇది లేకపోతే వరద నీళ్లు ట్యాంకులోంచి వెనక్కి తన్ని పీటల్లోంచి పొంగుతాయి. తాగునీరు మనిషికి రోజుకు అయిదు లీటర్లు, రెండు రోజులు: 5,400. ట్యాంకు 6,000 లీటర్లు, ఆ ఆరు టన్నులూ నిలిచేది మెట్ల బ్లాకు మీద.

12వ వారం: కాంక్రీటులో పోసే నీళ్లు

ఈ ఊళ్లో బోరు నీళ్లు నోట పెట్టలేం. ల్యాబ్‌కు పంపితే క్లోరైడు లీటరుకు 1,850 మిల్లీగ్రాములు. ఇనుము ఉన్న కాంక్రీటుకు పరిమితి 500. కాలువ నీళ్లు 140. అంటే కలపడానికి కాలువ నీళ్లే, తడపడానికీ అవే. బోరు నీళ్లతో క్యూరింగ్ చేస్తే పైనుంచి ఉప్పు తాగించినట్టే. పాత షెల్టర్ గతి పట్టడానికి పదిహేనేళ్లు కూడా అక్కర్లేదు.

కాలువలు వేసవిలో కట్టేస్తారు. క్యాలెండరు దాన్ని బట్టే గీసుకోవాలి: స్లాబులు కాలువ కట్టక ముందు, లేదా ఊరి మంచినీళ్ల చెరువులోంచి. చెరువు నీళ్లు సిమెంటు పనికి ఇవ్వడానికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు, ఒప్పుకోకూడదు కూడా. 20 వేల లీటర్ల తాత్కాలిక గుంత, టార్పాలిన్ పరిచి, ట్రాక్టరు ట్యాంకరుతో నింపడం అని రాసుకున్నాం.

మిశ్రమం: ఎం35 (కాంక్రీటు బలానికి గ్రేడు), ఘనపు మీటరుకు సిమెంటు 340 కిలోలకు తగ్గకుండా, నీటి-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకుండా. స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటు. "సల్ఫేట్ రెసిస్టింగ్ వాడండి, సముద్రం దగ్గర అదే మంచిది" అనే మాట తీరం పొడుగునా వినిపిస్తుంది. ఇక్కడ చువ్వను తినేది క్లోరైడు, దాన్ని ఆపడంలో స్లాగుదే పైచేయి. స్లాగు సిమెంటు నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి తడపడం 14 రోజులు, సెంట్రింగ్ విప్పడం కూడా ఆలస్యంగా. మేస్త్రి వారం రోజులకే విప్పేస్తానంటాడు, చెవిలో వేసుకోవద్దు.

చువ్వ మీద కాంక్రీటు మందం, అంటే కవర్, 50 మిల్లీమీటర్లు. సెంట్రింగ్ చువ్వల కింద కంకర రాయి పెట్టే అలవాటు ఆపాలంటే కవర్ బ్లాకులు ముందే చేతిలో ఉండాలి. అదే మిశ్రమంతో, ప్లాస్టిక్ అచ్చుల్లో, కట్టు తీగ గుచ్చి, డ్వాక్రా సంఘం పోస్తోంది. మొదటి విడత 600. వాటిలో 70 పక్కన పడేశాం, ఎండలో ఆరబెట్టారు. తర్వాతవి నీటి తొట్టిలో నానబెట్టారు, సమస్య లేదు.

14వ వారం: కిటికీ

ఇక్కడ బేసిక్ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దాన్ని పెంచే గుణకాలు మూడు: ముఖ్యమైన కట్టడం కాబట్టి 1.08, ఎదురు లేని తీరం కాబట్టి పది మీటర్ల ఎత్తులో 1.05, తుపాను తర్వాత కూడా నిలవాల్సింది కాబట్టి ఐఎస్ 875 (గాలి ఒత్తిడి ప్రమాణం) మూడో భాగం 2015లో చేర్చిన 1.30. గుణిస్తే 73.7 మీటర్లు, గంటకు 265 కిలోమీటర్లు. ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 330 కిలోల బరువంత. 1.2 × 1.2 కిటికీ మీద ఆరేడుగురు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. అద్దానికి ఇక్కడ చోటు లేదు. స్లైడింగ్ అల్యూమినియం పట్టాల్లోంచి వాననీళ్లు గదిలోకి చిమ్ముతాయి. ఒక్క కిటికీ ఊడినా గాలి లోపలికి దూరి పైకప్పునూ ఎదుటి గోడనూ లోపలినుంచి నెడుతుంది.

ఒక కిటికీ నిజంగానే కట్టించి, ఇప్పటి బడి వరండాలో ఫ్రేముకు బిగించాం. ఇనప రేకు తలుపు, 18 కిలోలు, బయటకు తెరుచుకునేది. మూడు లోపాలు. ఒకటి, గాలి విసురుతుంటే బయటకు వంగి లాక్కోవడం ఆడవాళ్ల వల్ల కాలేదు, మగవాళ్లకూ కష్టమే. రెండు, మూసేటప్పుడు వేళ్లు నలిగే సందు ఉంది. మూడోది అన్నిటికన్నా చెడ్డది: మామూలు ఇనప కీలు ఆరు వారాల్లోనే కిర్రుమంది, పిన్ను చుట్టూ తుప్పు పొడి రాలింది.

మార్చినది: రెండు రెక్కలు, ఒక్కోటి టేకు ఫ్రేములో 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, 8 కిలోలు. కీళ్లు, పిన్నులు, గడియలు ఎస్‌ఎస్ 316 (ఉప్పును ఎక్కువ తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు). మామూలు రకం 304 వేస్తే ఈ గాలికి మచ్చలు పడుతుంది. లోపలి నుంచి లాగడానికి ఒక పిడికడ్డీ. రెక్కకూ ఫ్రేముకూ మధ్య 20 మిల్లీమీటర్ల సందు రబ్బరు బీడింగుతో, వేలు పడ్డా నలగదు. పైన, కిందా రెండు నిలువు గడియలు గోడలోకి దిగుతాయి. కిటికీ మీద కాంక్రీటు జాలీ, అన్ని కిటికీలూ మూసినా ఊపిరాడాలి. అయిదో తరగతి పిల్లలతో మూయించి చూశాం, నలభై సెకన్లు.

15, 16 వారాలు: తాళాలు, తీర్మానం

డ్రాయింగుల కన్నా దీనికే ఎక్కువ కూర్చున్నాం. మూడు వలయాలు అనుకున్నాం. బడి గదులు, వంటగది, బియ్యం గది, పిల్లల మరుగుదొడ్లు ఒక వలయం. తాళాలు హెడ్‌మాస్టరు దగ్గర. పైహాలు, లైబ్రరీ రెండో వలయం. తాళం డ్వాక్రా సంఘాల గ్రామ సమాఖ్య దగ్గర, ఉదయం ఆరింటి నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది. కింది జాగా మూడోది. దానికి తలుపే లేదు, తాళమూ లేదు. గేట్లు రెండు, కరెంటు మీటర్లు రెండు: బడిదొకటి, పంచాయతీదొకటి. మీటరు ఒక్కటే అయితే పెళ్లి లైట్ల బిల్లు బడి నెత్తిన పడుతుంది. బోర్డులన్నీ మొదటి అంతస్తులోనే.

తుపాను తాళం వేరే సంగతి. మెట్లూ ర్యాంపూ పైన ఉన్న తలుపుకు లోపలి వైపు గడియ, బయట అద్దం పెట్టెలో తాళంచెవి, అద్దం పగలగొట్టి తీసుకునేలా. పిల్లలు ఊరికే పగలగొడతారని భయపడ్డారు. అద్దం పగిలిందంటే ఎవరో పైకి ఎక్కినట్టేగా, పాత షెల్టరుకు అదే లేకపోయింది అన్నారు సమాఖ్య లీడరు. పెట్టె ఉండిపోయింది. గదులకు కూడా ఒకే మాస్టర్ తాళం, రెండు నకళ్లు అదే పెట్టెలో. బియ్యం గదికి మాత్రం మాస్టర్ పనిచేయదు.

పంచాయతీ తీర్మానంలో రాసినవి: బడి పనిదినాల్లో సాయంత్రం నాలుగున్నర దాకా కింది జాగా కూడా బడిదే. రాత్రి ముహూర్తాలకు మైకు పదింటికి ఆపాలి. ఫంక్షను వాళ్లు పొద్దున ఏడుకల్లా కడిగి అప్పగించాలి, లేకపోతే డిపాజిట్ పోతుంది. అద్దె డబ్బు విడి ఖాతాలో, సర్పంచి, సమాఖ్య లీడరు, తల్లిదండ్రుల కమిటీ ఛైర్మన్ ముగ్గురి సంతకాలతో. ఆ ఖాతాలోంచి ఏటా మే నెలలో మూడు పనులు తప్పనిసరి: పైకప్పు గొట్టాలు శుభ్రం, కిటికీ కీళ్లకు నూనె, పెచ్చుల తనిఖీ. మద్యం గురించి రాత్రి పదకొండు దాకా గొడవైంది. నిషేధం అని రాశారు. ఎంతవరకు నిలుస్తుందో వాళ్లకూ తెలుసు, అందుకే కింద రెండు దొడ్లు, కడిగే వాలు తీసేయమని ఎవరూ అనలేదు.

18వ వారం: మెరక

60 × 25 మీటర్లు, 0.6 ఎత్తు: 900 ఘనపు మీటర్లు. ట్రాక్టరుకు మూడు లెక్కన 300 ట్రిప్పులు. కుంగుబాటు, అంచుల వాలు కలిపి 360 రాసుకున్నాం. 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలరు. ఉప్పుటేరు గట్టు మట్టి దగ్గర్లో చవకగా వస్తుంది గానీ దాన్లో ఉప్పు. పైరు మొలవదు, ప్లింత్ బీముకు (నేలమట్టపు దూలానికి) కూడా మంచిది కాదు. నాలుగు కిలోమీటర్ల అవతల చెరువు పూడికమట్టి తెప్పించాం.

కింద మెత్తటి బంకమట్టి. మెరక బరువుకు అది ఏడాది పాటు కుంగుతూనే ఉంటుంది. ముందే పైల్స్ (లోతుకు దిగే పునాది స్తంభాలు) దించితే, కుంగే మట్టి వాటిని పట్టుకుని కిందకు లాగుతుంది, మోయాల్సిన బరువుకు ఈ లాగుడు అదనం. అందుకని మెరక ముందు, ఒక వానాకాలం మీద పడనిచ్చి, ఆ తర్వాతే పైల్స్. మేస్త్రీలకు, కాంట్రాక్టరుకు, కొందరు వార్డు సభ్యులకు కూడా ఈ ఆలస్యం నచ్చలేదు. మెరక మీద తొమ్మిది పెగ్గులు పాతి, పాత బడి మెట్టు మీద బెంచ్‌మార్క్ (ఎత్తు కొలవడానికి కదలని గుర్తు) గీసి, ఎందుకు ఆగుతున్నామో చూపించే పని అయిదో తరగతి పిల్లలకే అప్పజెప్పాం. ప్రతి సోమవారం మేష్టారుతో కలిసి లెవెల్ తీసి గోడ మీద పట్టికలో రాస్తారు.

మొదటి వారం సగటు 11 మిల్లీమీటర్లు, రెండో వారం 8, మూడో వారం 6. ఏడో నంబరు పెగ్గుకు గేదెను కట్టేశారు, దాని రీడింగు వదిలేయాలి. వారానికి 2 మిల్లీమీటర్ల లోపు వరసగా నాలుగు వారాలు వస్తే పైలింగు రిగ్గుకు కబురు.